బొబ్బిలి దారిలో నోస్ట్రడామస్: తెలుగులో ఒక సాహస ఆట కట్టడం ఎలా

పదహారో శతాబ్దపు ఫ్రెంచి జ్యోతిష్కుడు నోస్ట్రడామస్‌ను ఆటలోకి తేవాలనుకున్నవాళ్ళు ఎక్కువమంది ఒకే పని చేస్తారు. పొడుగు గడ్డం, నల్ల అంగీ, ముందర గాజు గోళం పెట్టి ఆయన్ని ఒక గుహలో కూర్చోబెడతారు. ఆటగాడు వెళ్ళి అడుగుతాడు, ఆయన పద్యం చెబుతాడు, పద్యంలో చెప్పినట్టే తలుపు తెరుచుకుంటుంది. ఆట అక్కడే చప్పబడిపోతుంది. ఆయన చెప్పింది తప్పకుండా జరిగేదైతే ఆటగాడు ఏ దారి పట్టినా ఒకటే. జరగనిదైతే ఆయనకు ఆటలో పనే లేదు. ఈ చిక్కు విప్పడానికి ఒకటే మార్గం: జ్యోతిష్కుడికి భవిష్యత్తు తెలియనక్కర్లేదు, ఆయన పద్యానికి మూడు అర్థాలుంటే చాలు. ఆ మూడింట్లో ఏది నిజమవుతుందో ఆటగాడి చేతలు తేల్చాలి. ఈ వ్యాసం అంతా ఆ మూడు అర్థాల పద్యం రాయడం గురించి, దాని చుట్టూ ఆట కట్టడం గురించి.

ముందు అసలు మనిషి

మిషెల్ ద నోస్ట్రడామ్ 1503 డిసెంబరులో ఫ్రాన్సు దక్షిణాన ప్రోవాన్స్‌లోని సాన్ రెమీలో పుట్టాడు. మొదట మందులు నూరే పని చేశాడు. ఆ పని చేసినందుకే మోంపెల్యే వైద్య విద్యాలయం ఆయన పేరు కొట్టేసింది. ప్లేగు ఊళ్ళలో వైద్యం చేశాడు. 1550 నుంచి ఏటేటా పంచాంగాల్లాంటి పుస్తకాలు వేశాడు. భవిష్యవాణి పద్యాల పుస్తకం మొదటిసారి 1555లో లియోన్‌లో అచ్చయింది. అందులో 353 పద్యాలున్నాయి. తర్వాతి ముద్రణలతో కలిపి అవి 942 అయ్యాయి. నూరేసి పద్యాల పది శతకాలుగా అమర్చినా ఏడో శతకం 42 దగ్గరే ఆగిపోయింది. రాణి కేథరీన్ ద మెడిచి ఆయన్ని ఆదరించింది. 1566 జులైలో సలోన్‌లో చనిపోయాడు.

ఆటకు పనికొచ్చే సరుకు ఆ పుస్తకం మొదటి రెండు పద్యాల్లోనే ఉంది. రాత్రి, ఒంటరి గది, ఇత్తడి పీట, సన్నని మంట, చేతిలో కొమ్మ, అంగీ అంచునీ పాదాన్నీ తడిపే నీళ్ళు. గాజు గోళం ఊసే లేదు. కాబట్టి ఆయన సామాను గీయాలంటే ఈ వస్తువులే గీయండి. ఇత్తడి పీటకు నమూనా కావాలంటే దూరం పోనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో పోత పోసిన ఇత్తడి సామాను ఫొటోలు తీసుకుని, అంచుల మందం, మెరుపు, సుత్తి గుర్తులు చూసి గీస్తే బొమ్మకు బరువొస్తుంది.

రెండో సరుకు ఆయన ప్లేగు మాత్ర. సైప్రస్ చెక్క పొట్టు, ఐరిస్ వేరు, లవంగాలు, వస, అగరు పొడిచేసి, తెల్లారకముందు కోసిన మూడు నాలుగు వందల ఎర్ర గులాబీలతో నూరి చేసేవాడు. ఇందులో లవంగాలు, వస, అగరు, గులాబీ మన మూలికల కొట్లో దొరుకుతాయి. సైప్రస్, ఐరిస్ అంత తేలిగ్గా దొరకవు. సామాను వెతికే ఘట్టానికి ఇది చక్కగా కుదురుతుంది. కానీ ఆ మాత్ర ప్లేగును తగ్గించినట్టు ఆటలో చూపకండి. ఆటగాడికి దాని వల్ల కలిసొచ్చేది వాసన మాత్రమే: ఆ పొడి పూసిన కాగితాన్ని చీకట్లో వాసనతో గుర్తుపట్టగలడు. అంతవరకే.

ఫ్రెంచి పుస్తకం మన ఊరికి ఎలా వచ్చింది

ఇక్కడ కల్పనకు చరిత్రే దారి వేసి పెట్టింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. అందులో చికాకోల్ సర్కారు, అంటే మన శ్రీకాకుళం, ఒకటి. 1756 చివర్లో ఫ్రెంచి సేనాని బుస్సీ సేనతో ఈ సీమకు వచ్చాడు. విజయనగరం రాజు పెద విజయరామరాజు అతనితో కలిశాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద దాడి జరిగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన డేరాలోనే చంపాడు.

నోస్ట్రడామస్ పోయి అప్పటికి 190 ఏళ్ళు దాటింది. కాబట్టి మనిషిని తేకండి, పుస్తకాన్ని తెండి. బుస్సీ సేనలో ఒక ఫ్రెంచి సిపాయి సంచిలో నలిగిన పాత ప్రతి ఉంటుంది. అతనికి జ్వరం. ఆటగాడు ఆ దండులో కుర్ర దుబాషీ. ఫ్రెంచి వచ్చు, తెలుగు వచ్చు, రెండు పక్కలా నమ్మకం లేదు. ఈ పాత్ర ఎందుకంటే, పద్యాన్ని తెలుగు చేసేది ఆటగాడే అవుతాడు. అర్థం తప్పితే ఆ తప్పు అతనిదే. ఇంతకంటే మంచి కథానాయకుడు ఈ ఆటకు దొరకడు.

దూరాలు సరిగా పెట్టండి. విజయనగరం నుంచి బొబ్బిలి యాభై కిలోమీటర్ల పైమాటే. మధ్యలో గజపతినగరం దగ్గర చంపావతి దాటాలి. ఎడ్లబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది, ఫిరంగులు లాగే దండు అంతకంటే నెమ్మది. ఒక్క నొక్కుతో ఆటగాణ్ణి బొబ్బిలిలో దింపితే ఆ నేల తెలిసినవాళ్ళు అక్కడే ఆట మూసేస్తారు. మూడు మజిలీలు పెట్టండి, ప్రతి మజిలీలో ఒక రాత్రి.

రెండు విషయాల్లో చెయ్యి పెట్టకండి. కోటలో ఆఖరి రోజున జరిగిన ఆత్మాహుతిని పజిలుగా మార్చకూడదు. అలాగే అన్న విజయరామరాజుకు రాబోయే ఆపద ముందే తెలిసిన చెల్లెలిగా మనం కొలిచే పైడితల్లి అమ్మవారిని పాత్ర చేయకూడదు. సిరిమాను చూడ్డానికి లక్షల మంది వచ్చే ఊళ్ళో ఆవిడ ఆట బొమ్మ కాదు. యుద్ధం ఫలితాన్నీ మార్చనివ్వకండి. ఆటగాడు మార్చగలిగేవి చిన్నవి: పుస్తకం ఎవరి చేతికి పోయింది, ఎవరు ఆ రాత్రి దండు దాటి బయటపడ్డారు, ఎవరి మాట ఎవరికి అందింది.

పద్యం

నోస్ట్రడామస్ పద్యం నాలుగు పాదాలది. ఒక్కో పాదానికి పది అక్షరాలు. ఒకటో పాదం అంత్యప్రాస మూడోదానితో, రెండోది నాలుగోదానితో కలుస్తుంది. దాన్ని అలాగే తెలుగులోకి లాగితే కుంటుతుంది. మనకు ఆటవెలది ఉంది. నాలుగు పాదాలు, చిన్న గణాలు, చెవికి వెంటనే పడుతుంది, నోటికి వస్తుంది. ఆటగాడు పద్యాన్ని ఆటంతా మోయాలి కాబట్టి నోటికి రావడం ముఖ్యం. ఈ నమూనా చూడండి:

గజము దిగును గిరిని గంటలు మోగగా
ఆరు ఋతువులాగి యాలకించు
శశియె చూపు దారి సాగిన వారికి
తలుపు తెరచు చేయి తప్పు చేయి

ఇది ఆయన పద్యం కాదు, ఆట కోసం కట్టినది. ఆ మాట ఆటలోనే స్పష్టంగా చెప్పాలి, ఎలాగో చివర వస్తుంది. ఇప్పుడు ఇందులో ఏముందో విప్పుదాం.

మొదటి అర్థం సంవత్సరం. మన శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటల్లో దాచి చెప్పే పద్ధతి ఉంది: శశి అంటే 1, నేత్రం 2, గుణం 3, వేదం 4, బాణం 5, ఋతువు 6, గిరి 7, గజం 8. చెప్పిన వరుసలో అంకెలు రాసుకుని కుడి నుంచి ఎడమకు చదవాలి. గజ, గిరి, ఋతు, శశి అంటే 8, 7, 6, 1. తిప్పితే 1678. శక 1678లోనే 1757 జనవరి పడుతుంది. మామూలుగా క్రీస్తు శకంలోంచి 78 తీసేస్తే శక సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి ఉగాది దాకా మాత్రం 79 తీయాలి. తేదీల తాళం పాడయ్యేది ఇక్కడే. అరవై సంవత్సరాల పేర్లు వాడినా అదే జాగ్రత్త: ఆ జనవరి ధాత నామ సంవత్సరంలో ఉంది, ఈశ్వర ఇంకా రాలేదు.

ఈ తాళానికి ‘రసం’ వాడకండి. శాసనాల లెక్కలో రసం అంటే ఆరు, కానీ నవరసాలు విన్న చెవికి తొమ్మిది తోస్తుంది. ఆటగాడు సరిగ్గా ఆలోచించి కూడా తప్పుకు చేరితే అది మీ తప్పే.

రెండో అర్థం దారి. ఫిరంగి లాగే ఏనుగు గంటల చప్పుడుతో గుట్ట దిగుతుంది. దండు ఆగినప్పుడు వెన్నెల్లో రేవు కనిపిస్తుంది. ఈ అర్థం పట్టుకున్నవాడు చంపావతి రేవు దగ్గర రాత్రి దాటుతాడు.

మూడోది ఆఖరి పాదం. తలుపు తెరిచే చెయ్యి తప్పు చెయ్యి. ఎవరి చెయ్యి? ఇది ముందే తేల్చకండి. ఆటగాడు తన దగ్గరున్న తలుపు తాళంచెవి సిపాయికిస్తే ఆ చెయ్యి సిపాయిది. పల్లకీ మోసే ముసలి బోయీకిస్తే అతనిది. ఎవరికీ ఇవ్వకుండా తనే దాచుకుంటే ఆ చెయ్యి తనదే. మూడు ముగింపుల్లోనూ పద్యం నిజమవుతుంది, కానీ ఏ ముగింపూ ముందే రాసిపెట్టినట్టు ఉండదు.

అసలాయన పద్యాలు ఇన్నాళ్ళు బతికింది ఈ గుణం వల్లే. ఫ్రాన్సు రాజు రెండో హెన్రీ 1559 జూన్ 30న ఈటెల పోటీలో కంటికి గాయమై పది రోజులకు చనిపోయాడు. పడుచు సింహం ముసలి సింహాన్ని బంగారు పంజరంలో కళ్ళు పొడుస్తుందనే పద్యాన్ని తర్వాతి తరాలు ఆ చావుకు ముడిపెట్టాయి. ‘హిస్టర్’ అన్న మాటను హిట్లర్‌గా చదివినవాళ్ళున్నారు. అది డాన్యూబ్ నది దిగువ భాగానికి పాత లాటిన్ పేరు. అర్థం ఎప్పుడూ చదివేవాడి వైపునుంచే వచ్చింది. మీ ఆట ఆ పనిని ఆటగాడి చేత చేయిస్తుంది.

ఆనవాళ్ళు నాటడం

ఒక్కో అర్థానికి మూడు ఆనవాళ్ళు ఉండాలి, మూడు వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల నోట. మాటల్లో అంకెలు దాచే పద్ధతి ఆటగాడికి తెలియదనే అనుకోండి. దండు వెంట వచ్చిన పంతులుగారి చేత నేర్పించండి. పుస్తకం అచ్చయిన 1555 చూసి, ఆయన 78 తీసేసి 1477 చేసి, ‘గిరి, ముని, వేద, శశి’ అని చెబుతారు (మునీ ఏడే). శ్రీకూర్మం గుడి స్తంభాల మీది శాసనాల్లో ఇలాంటివే చదివానంటారు. ఆటగాడు ఒక లెక్క కళ్ళముందు చూశాడు, ఇక రెండోది తనంతట తాను చేయగలడు. నేర్పే ఉదాహరణ, అడిగే ప్రశ్న ఒకే అంకె కాకూడదు.

రెండో ఆనవాలు బోయీ నోట రావాలి. అతని మాట ఉత్తరాంధ్ర మాటే కావాలి, పుస్తకాల తెలుగు కాదు. ఒక పాసేజీ, అంటే తెర మీద ఒకసారి కనిపించే ముక్క, ఇలా ఉండొచ్చు:

‘ఏటి బావూ, ఆ పుస్తకం సూసి అంత బయపడతన్నావేటి?’
‘భయం కాదు తాతా. ఇందులో ఏనుగు ఉంది.’
‘ఏనుగైతే రేతిరి గుట్ట దిగింది కదా. గంటలు ఇనలేదేటి? మాకు నిద్దర లేదు.’

ఏనుగు దిగిందన్న ముక్క ఆటగాడు దాటేస్తాడేమోనని దాన్ని వేరే రంగులో పెట్టకండి. అలా పెట్టగానే మిగతా మాటలు చదవడం మానేస్తారు. దండులో ఎవరో ఒకరు ‘బ్రహ్మంగారు చెప్పినట్టే జరుగుతాది’ అని అనొచ్చు. సహజంగానే ఉంటుంది. కానీ కాలజ్ఞానం పద్యాలు తెచ్చి ఫ్రెంచి పద్యాలతో కలపకండి. చదివేవాళ్ళు రెంటినీ గందరగోళం చేసుకుంటారు.

ట్వైన్‌లో కట్టడం

మాటల ఆటకు ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, చివరికి ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు వస్తుంది. మొదటి ఆటకు 40 నుంచి 45 పాసేజీలు, ఒక్కోటి 60 నుంచి 90 మాటలు పెట్టుకోండి. అంతకు మించితే ఫోన్లో వేలు అరిగేదాకా జరపాలి. పాసేజీ పేర్లు తెలుగులో పెట్టవచ్చు. వేరియబుల్ (ఆట గుర్తుపెట్టుకునే విషయం) పేర్లు మాత్రం డాలరు గుర్తు తర్వాత చిన్న ఇంగ్లీషు మాటలే పెట్టండి. తెలుగు పేర్లలో కంటికి కనపడని అక్షరం ఒకటి దూరితే తప్పు ఎక్కడుందో పట్టడం నరకం.

ఈ ఆటకు నాలుగు వేరియబుల్స్ సరిపోతాయి: తాళంచెవి ఎవరి దగ్గరుంది, సంవత్సరం లెక్క నేర్చుకున్నాడా, రేవు చూశాడా, ఇది ఎన్నో రాత్రి. మొదటిదానికి మూడే విలువలు: సిపాయి, బోయీ, తాను. ఇది 30వ పాసేజీలోపు తేలిపోవాలి. తేలకపోతే ‘తాను’ అని ఆటే పెట్టేయాలి. ఖాళీగా వదిలితే ముగింపు తెల్ల తెరతో వస్తుంది. తేలిగ్గా జరిగిపోయే పొరపాటు ఇది.

1678 తాళం దగ్గర టైపు చేయించడం అందం. ట్వైన్‌లోని హార్లో అనే కథ ఫార్మాటులో టైపు చేసింది అంకెగా రాదు, మాటగా వస్తుంది. కాబట్టి పోల్చేటప్పుడు కొటేషన్ గుర్తుల మధ్య రాయండి, లేకపోతే సరైన జవాబు కూడా తప్పంటుంది. తెలుగు అంకెలతో ౧౬౭౮ అని కొట్టేవాళ్ళూ ఉంటారు, దాన్నీ ఒప్పుకోండి. ఊరి పేర్లు మాత్రం టైపు చేయించకండి. ఒకరు శ్రీకాకుళం అంటారు, ఇంకొకరు శ్రీకాకుళము అంటారు, మూడో ఆయన కీబోర్డు మధ్యలో కనపడని విడదీత గుర్తు వేస్తుంది. ఎంచుకునే లింకులే పెట్టండి.

అక్షరాల గారడీ పెట్టాలనిపిస్తే ఒక హెచ్చరిక. ఆయన పారిస్‌ను ‘రాపిస్’ అని తిప్పి రాసినట్టు తెలుగులో అక్షరాలు తిప్పించాలంటే కంప్యూటరు లెక్క మన లెక్క కాదు. ‘శ్రీ’ మనకు ఒక అక్షరం, దానికి నాలుగు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. అలాగే తిప్పితే తెర మీద చుక్కల గుండ్రాలు వస్తాయి. మాటలు ఒక్కో అక్షరంగా టైపవుతున్నట్టు కనిపించే ఎఫెక్టుకూ ఇదే గతి: ముందు ‘క’ వచ్చి, తర్వాత వత్తు అతుక్కుని, ఆఖర్న గుడి ఎగిరిపడుతుంది. జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్ళు ఇంట్ల్ సెగ్మెంటర్‌తో అక్షరాల వారీగా విడదీయాలి. రానివాళ్ళు పాదం మొత్తం ఒకేసారి చూపించాలి. పద్యానికి అదే బావుంటుంది కూడా.

బొమ్మల ఆట కట్టాలంటే గోడో అనే ఆటల ఇంజను మూడో వెర్షను తెలుగు వత్తులను చెదరగొడుతుంది. నాలుగో వెర్షను తీసుకోండి. ఏ ఇంజనైనా మొదట ‘స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, ఉత్తరాంధ్ర’ అని నాలుగు మాటలు వేసి చూడండి. సరిగా కూర్చుంటేనే ముందుకెళ్ళండి.

ఫాంటుకు పాఠం కోసం నోటో సెరిఫ్ తెలుగు, లేదా మండలి. శీర్షికకు గురజాడ ఫాంటు. విజయనగరంలో బతికిన మనిషి పేరుతో ఉన్న అక్షరాలు ఈ ఆట మీద చక్కగా నప్పుతాయి. వరుసల మధ్య ఎత్తు 1.7 పెట్టండి. ఇంగ్లీషుకు సరిపోయే 1.4 పెడితే కింది వత్తు తర్వాతి వరుస తలకట్టుకు తగులుతుంది.

బ్రౌజర్లో ట్వైన్ వాడితే కథ ఆ బ్రౌజరు జ్ఞాపకంలోనే ఉంటుంది. ఎవరైనా బ్రౌజరు డేటా శుభ్రం చేస్తే మొత్తం పోతుంది. కూర్చున్న ప్రతిసారీ లేచే ముందు ఆర్కైవ్ దించుకుని వేరే చోట దాచండి.

ఆడించి చూడటం

అయిదుగురు చాలు. ఇద్దరు చరిత్ర తెలిసినవాళ్ళు, ఇద్దరు ఏమీ తెలియనివాళ్ళు, ఒకరు ఉత్తరాంధ్ర బయటివాళ్ళు. ఆడుతుంటే మాట్లాడకండి. ‘ఎటెల్లాలో తెలీట్లేదు’ అని వాళ్ళు అన్న చోటు పాసేజీ పేరు రాసుకోండి.

ముగింపు ముందు ఆట ఆపించి, ఆఖరి పాదానికి అర్థమేంటో కాగితం మీద రాయమనండి. అయిదుగురూ ఒకటే రాస్తే పద్యం మరీ తెరిచి ఉంది, బోయీ మాటల్లో ఒకటి తీసేయాలి. ఎవరూ ఏమీ రాయలేకపోతే ఆనవాళ్ళు తక్కువయ్యాయి. ఇద్దరు ఒకలా, ముగ్గురు మరోలా రాసి, ముగింపు చూశాక రెండు జట్లూ ‘అవును కదా’ అంటే సరిగ్గా కుదిరినట్టు. బయటి ప్రాంతం వ్యక్తికి ‘ఏటి’, ‘ఇనలేదేటి’ అర్థమవకపోతే మాట మార్చకండి, పక్క మాటలతో అర్థమయ్యేలా చేయండి.

పంపేముందు

హెచ్‌టీఎంఎల్ ఫైలును వాట్సాప్‌లో నేరుగా పంపితే కొన్ని ఫోన్లలో ఉత్త చూపించే యాప్ తెరుచుకుని లింకులు పనిచేయవు. ఇచ్ ఐఓ అనే ఆటల సైటులో పెట్టి లింకు పంపండి. అక్కడ జిప్ చేసి పెట్టేటప్పుడు ఫైలు పేరు ఇండెక్స్ అనే ఉండాలి, లేకపోతే ఆట తెరుచుకోదు. ఫాంటు ఫైలునూ అందులోనే కలపండి. నెట్టు నెమ్మదిగా ఉన్న చోట బయటి నుంచి ఫాంటు వచ్చేలోపు పద్యం వేరే ఆకారంలో కనిపిస్తుంది.

ముగింపు తర్వాత ఒక పాసేజీ తప్పనిసరి. ఏది చరిత్ర, ఏది కల్పన అని రెండు ముక్కలుగా రాయండి. 1555 నాటి పుస్తకం, చికాకోల్ సర్కారు, బుస్సీ, 1757 జనవరి 24, పాపారాయుడు ఒక పక్క. సిపాయి, బోయీ, దుబాషీ, ఆటవెలది పద్యం ఇంకో పక్క. ఈ పాసేజీలో పద్యాన్ని మళ్ళీ పూర్తిగా వేయకండి, మొదటి పాదం మాత్రం చాలు. ఆయన పేరుతో ఆయన రాయని పద్యాలు ఇప్పటికే ఎన్నో తిరుగుతున్నాయి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అలా తిరిగినవాటిలో ఒకటి అంతకు నాలుగేళ్ళ ముందు కెనడాలో ఒక విద్యార్థి రాసినది, అదీ ఎలాంటి మాటలనైనా జోస్యంగా చదివించవచ్చని చూపడానికి. స్క్రీన్‌షాట్‌కు వీలుగా నాలుగు పాదాలూ ఒక్క చోట కనిపించే ప్రతి తెర మీదా, పద్యం కిందే చిన్న అక్షరాల్లో ‘ఆట కోసం రాసిన పద్యం’ అని వేయండి.